చీకట్లో ‘పోదుం’

రోలర్ కోస్టర్ ఎక్కితే భయం వెయ్యదా అని నన్ను అడగనివాళ్ళు లేరు. దాన్ని రోజూ ఎవరు చూసుకుంటారు, ఏం చూస్తారు అని అడిగినవాళ్ళను మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఈ మధ్య డిప్లొమా పూర్తిచేసి ఈ పనిలో చేరబోతున్న ఇద్దరు పిల్లలు ఆ రెండో ప్రశ్న అడిగారు. నాకు ప్రాణం లేచొచ్చింది. వాళ్ళకు చెప్పినదాన్నే ఇంకొంచెం వివరంగా ఇక్కడ రాస్తున్నాను.

నేను పనిచేసింది చెన్నైలో ఒక మాల్ పై అంతస్తులో ఉన్న ఆటల పార్కులో. ఆకాశం కనబడని కోస్టర్ అది. నల్లరంగు పూసిన గోడల మధ్య, దాదాపు చీకట్లో, ఒక చిన్న రైలు గొలుసు పట్టుకుని పైకెక్కుతుంది. అక్కడి నుంచి తన బరువుతోనే దొర్లుకుంటూ కిందికి వస్తుంది. ఇంజను లేదు. ఎక్కించేది గొలుసు, దించేది భూమి, ఆపేది బ్రేకు. ఈ మూడింటినీ, వీటి మధ్య తిరిగే మనుషులనూ చూసుకోవడం నా ఉద్యోగం.

ప్రమోషన్ల గురించి రాయను. అవి రాకపోతే ఏడుస్తాం, వస్తే మరిచిపోతాం. నేను చెప్పదలుచుకున్నది ముఖ్యంగా ఒక్క మాట గురించి. రెండక్షరాల మాట. దానివల్ల ఒక మనిషి వేళ్ళు నలిగాయి. అబద్ధమాడని ఒక అమ్మాయికి ఉద్యోగమూ, మంచిపేరూ రెండూ పోబోయాయి. ఆ మాట దగ్గరికి వచ్చేముందు ఈ పని ఎలాంటిదో కాస్త తెలియాలి కాబట్టి ఓపిక పట్టండి.

ఏన్ సార్

మా నాన్న నెల్లూరు వైపు నుంచి వచ్చి కోడంబాక్కం స్టూడియోల్లో ట్రాలీ పట్టాలు పరిచేవాడు. కెమెరా కుదుపు లేకుండా జారాలంటే పట్టా కింద ఎక్కడ చెక్కముక్క దోపాలో అరచేత్తో తడిమి చెప్పేవాడు. సెలవుల్లో నేనూ వెళ్ళి ఒక మూల కూర్చునేవాణ్ణి. అందరూ హీరో వైపు చూస్తుంటే నేను చక్రాల వైపు చూసేవాణ్ణి. ఆ బుద్ధే తర్వాత నాకు అన్నం పెట్టింది.

చదువయ్యాక చెన్నై శివారు మనలిలో ఒక రసాయనాల ఫ్యాక్టరీలో మెయింటెనెన్సులో చేరాను. అక్కడ మా ఫోర్‌మన్ నోరు తెరిస్తే తిట్టే. కానీ ఒక అలవాటును మాత్రం మా ఎముకల్లోకి ఎక్కించాడు. ఒక పంపు దగ్గర ఎంతమంది పనిచేస్తే దాని స్విచ్చికి అన్ని తాళాలు పడాలి. ఎవరి తాళం వాళ్ళది, ఎవరి తాళంచెవి వాళ్ళ జేబులో. “నీ ప్రాణం నీ జేబులో పెట్టుకోరా, పక్కవాడి జేబులో పెట్టబాక” అనేవాడు. ఆయన తిట్లన్నీ మరిచిపోయాను, ఈ మాట మరవలేదు.

కోస్టర్ దగ్గరికి వచ్చాక చూస్తే నాకు తెలియనివే ఎక్కువ. పొద్దున మొదటి ట్రిప్పులో రైలు మందకొడిగా ఎందుకు వస్తుంది? మధ్యాహ్నానికి దాని వడి ఎందుకు పెరుగుతుంది? చక్రాల తొడుగులూ, బేరింగుల్లోని గ్రీజూ ఏసీ చలికి బిగుసుకుని ఉంటాయనీ, తిరిగి తిరిగి వేడెక్కాక వదులవుతాయనీ తెలుసుకోవడానికి నాకు కొన్నాళ్ళు పట్టింది. ఏసీ చెడిపోయిన రోజున జనం చెమటలు కక్కుకుంటుంటే రైలు మాత్రం హుషారుగా పరిగెత్తేది. అది చూసి నాకు ఆనందం. కనబడినవాణ్ణల్లా “ఏన్? ఏన్?” అని అడుగుతుంటే అక్కడి తమిళ కుర్రాళ్ళు నాకు ‘ఏన్ సార్’ అని పేరు పెట్టారు. తమిళంలో ఏన్ అంటే ఎందుకు అని. వెక్కిరింపే అయినా నాకు నచ్చింది.

దయ్యం వేలు

లోపలి కోస్టర్‌కు ఎండావానా తగలవు, తుప్పు తక్కువ, కాబట్టి సుఖమనుకుంటారు. దాని కష్టం వేరు. చీకట్లో మనుషులు చేతులు ఎక్కువగా ఎత్తుతారు. ఎవరూ చూడటంలేదనుకుంటే పెద్దమనుషులు కూడా కోతులైపోతారు. అందుకని ఎత్తయిన మనిషి చెయ్యి ఎంతదూరం అందుతుందో అంతవరకూ పట్టా చుట్టూ ఏమీ ఉండకూడదు. దీన్ని పరీక్షించడానికి ముందు పెట్టెకు వెదురు బద్దల చట్రం ఒకటి కట్టి ఖాళీ రైలును పంపేవాళ్ళం. అది దేనికీ తగలకుండా చుట్టి రావాలి.

ఒక ఏడాది సెలవుల సీజనుకని, ఎక్కినవాళ్ళను భయపెట్టడానికి పట్టా పక్కన కొత్త దయ్యం బొమ్మను పెట్టారు. చేసింది కోడంబాక్కంలో సినిమా సెట్లు వేసే తెలుగు మేస్త్రీ. దయ్యం బ్రహ్మాండంగా వచ్చింది. “కొలతలు తీసే పెట్టినా సార్, బాగా ఎడంగా ఉండాది” అన్నాడాయన. అయినా చట్రం కట్టి రైలు పంపాను. తిరిగొచ్చేసరికి ఒక వెదురు బద్దకు దయ్యం చూపుడువేలు గుచ్చుకుని ఉంది.

మేస్త్రీ అబద్ధం చెప్పలేదు. కొలత సరైనదే. కానీ ఆ చెయ్యి సన్నటి ఇనుప తీగ మీద నిలబడి ఉంది. రైలు విసురుకు తీగ ఊగుతుంది, చెయ్యి పట్టా వైపు వస్తుంది. ఆగి ఉన్నప్పుడు కొలిచారు, ఊగేటప్పుడు కొలవలేదు. “వేలు లేని దయ్యం ఎవుర్ని భయపెడతాది సార్?” అని ఆయన నొచ్చుకున్నాడు. ఆ వేలిని చాలాకాలం నా సొరుగులో ఉంచుకుని, కొత్తగా చేరినవాళ్ళకు చూపించేవాణ్ణి. ఆగి ఉన్న యంత్రాన్ని చూసి కదిలే యంత్రాన్ని నమ్మకండి అని చెప్పడానికి దానికన్నా మంచి పాఠం నాకు దొరకలేదు.

బ్రేకుకు బొట్టు

మన ఊళ్ళో ఆయుధపూజ నాడు ఆటో చక్రాల కింద కూడా నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తారు. కోస్టర్ ఏం పాపం చేసింది? మా దగ్గరా ఘనంగా చేసేవాళ్ళం. నిమ్మకాయలు తెచ్చేవాడు మా ఫిట్టర్ దేవదాసు. అతను ఆదివారం తప్పకుండా చర్చికి పోయే మనిషి. “మార్కెట్టు నా దార్లోనే ఉండాది గదా సార్” అనేవాడు. అంతకుమించిన కారణం అతనికి అక్కరలేదు.

ఒకసారి పూజ మరునాడు పొద్దున ఖాళీ రైలు ప్లాట్‌ఫారం దగ్గర ఆగాల్సిన చోట ఆగకుండా ముందుకు జారిపోయింది. జనం ఎక్కే ముందు ఖాళీ రైలును తిప్పి చూసే నియమం ఉంది కాబట్టి బతికిపోయాం. గాలి పీడనం చూశాం, బ్రేకు బద్దలు చూశాం, అన్నీ బాగానే ఉన్నాయి. చివరికి టార్చి వేసుకుని కిందికి దూరితే, రైలు అడుగున బ్రేకు పట్టుకునే ఉక్కు రేకు మీద వరసగా గంధం, కుంకుమ, మధ్యలో నూనె మరకలు. ఎవరో భక్తిగా అన్నిటికీ పెట్టినట్టే దానికీ పెట్టారు.

మా మేనేజరు ఇక పూజే వద్దన్నాడు. ఆయన తమిళాయన, చదువుకున్నవాడు, ఎవరినీ నోరుజారి ఒక మాట అనేవాడు కాదు. తొందర మాత్రం ఎక్కువ. ఏ గొడవ వచ్చినా సాయంత్రంలోగా తేలిపోవాలి. నేను ఒప్పుకోలేదు. పూజ మానిపిస్తే వీళ్ళు మానరు, చాటుగా చేస్తారు. అప్పుడు బొట్టు ఎక్కడ పెట్టారో మనకు తెలియదు. దానికి బదులు బొట్టు పెట్టవలసిన చోట్లు మేమే చూపించాం. రైలు ముక్కుకు, తలుపుకు, కంట్రోల్ రూమ్ బల్లకు ఎంతైనా పెట్టుకోమన్నాం. అప్పటి నుంచి బ్రేకు జోలికి ఎవరూ పోలేదు. మనుషులు చేసి తీరే పనిని నిషేధించి లాభంలేదు, దానికొక దారి చూపించాలి. ఈ సంగతి తర్వాత నాకు అక్కరకు వచ్చింది.

ఒక మాట, మూడు సాక్ష్యాలు

దేవదాసుది చెన్నైలోనే చూలై అనే పాత పేట. తాతలనాటి నుంచి అక్కడే ఉన్న తెలుగు కుటుంబం. అదే వీధిలో విమల. దేవదాసును మామా అని పిలిచేది. చిన్నప్పటి నుంచి ఆయన చేతుల్లో పెరిగిన పిల్ల, ఆయనే తీసుకొచ్చి మా దగ్గర ఆపరేటరుగా చేర్పించాడు. కంట్రోల్ రూమ్‌లో కూర్చుని రైలును పంపించడం, ఆపడం ఆమె పని. నెమ్మదస్తురాలు. ఒక్క ప్రయాణికుడి ఒడి మీది కడ్డీ సరిగా పడకపోయినా, వెనక వరస ఎంత గోలచేసినా రైలును కదలనిచ్చేది కాదు.

చూలై తెలుగు మీరు వినాలి. ఒక వాక్యం తెలుగులో మొదలై తమిళంలో మలుపు తిరిగి మళ్ళీ తెలుగు ఇంటికే చేరుతుంది. మేమంతా అంతే. ఆంధ్రా నుంచి వచ్చే చుట్టాలు మమ్మల్ని రెంటికీ చెడ్డ రేవళ్ళు అని ఎగతాళి చేస్తారు. మాకేమీ చెడ్డట్టు అనిపించదు. వాకీటాకీలో దేవదాసు, విమల మాట్లాడుకునేది తెలుగే. మిగతావాళ్ళతో ఇద్దరూ తమిళం.

ఆ రోజు పొద్దున, పార్కు ఇంకా తెరవలేదు. ఎక్కుడు దారిలో రైలు వెనక్కి జారకుండా పట్టుకునే కొక్కెం ఒకటి సరిగ్గా పడటం లేదని మాకు అనుమానం వచ్చింది. దాన్ని చూడటానికి బయటి కంపెనీ నుంచి ఒక టెక్నీషియన్ వచ్చాడు. తమిళాయన, తెలుగు రాదు. అతనూ, దేవదాసూ పట్టా పక్క మెట్ల మీద రైలు చక్రాల దగ్గర కూర్చున్నారు. దేవదాసు వాకీటాకీలో చెబుతుంటే విమల బటన్ నొక్కి రైలును కొంచెం కొంచెంగా జరుపుతోంది. పని దీపాలు వెలుగుతున్నాయి. కానీ అలంకరణకని అట్టతో చేసి పెట్టిన పెద్ద బండరాయి ఒకటి అడ్డుగా ఉండి విమలకు వాళ్ళిద్దరూ కనబడరు. వినబడే మాటే ఆధారం.

కొక్కెం కూర్చోవలసిన చోటికి రైలు వచ్చింది. దేవదాసు ఒక మాట అన్నాడు. విమల రైలును పంపించేసింది. దేవదాసు ఎడమచెయ్యి చక్రం పక్కనే ఉంది.

పక్కనున్న టెక్నీషియన్ కేకవేసి, రైలును ఆపే ఎర్ర బటన్ గుద్దాడు కాబట్టి చెయ్యి దక్కింది. రెండు వేళ్ళు నలిగిపోయాయి. నేను పరిగెత్తి వెళ్ళేసరికి దేవదాసు మెట్ల మీద చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. విమల కంట్రోల్ రూమ్‌లో నిలబడి ఉంది, బటన్ల బల్ల వైపు చూడకుండా గోడ వైపు తిరిగి.

మేనేజరు అదే రోజు విచారణ పెట్టాడు. విమల తమిళంలో చెప్పింది: “పోలాం అన్నారు, అందుకే పంపాను.” పోలాం అంటే వెళ్దాం. ఆసుపత్రి నుంచి దేవదాసు ఫోనులో నాతో తెలుగులో అన్నాడు: “నేను చాలన్నా సార్. చాలంటే నిలపాల గదా.” టెక్నీషియన్ తన కంపెనీ ద్వారా ఇంగ్లీషులో మెయిల్ పంపాడు. దేవదాసు చాలు అనే చెప్పాడని అందులోనూ ఉంది.

ఇద్దరిది ఒక మాట, ఒకరిది ఒక మాట. మేనేజరుకు ఇక సందేహం లేదు. “ఆ అమ్మాయి సరిగా వినకుండా పంపింది. ఇప్పుడు తప్పించుకోవడానికి అబద్ధం చెబుతోంది” అన్నాడు. వారం తిరిగేలోగా ఆమెను తీసేస్తానని, అంతవరకూ ఇంట్లో ఉండమని పంపేశాడు. ఇంకొంచెం అడుగుదామంటే వినలేదు. తా పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

నాకు మాత్రం నిద్రపట్టని ప్రశ్న ఒకటి ఉంది. పరధ్యానంగా ఉన్న మనిషికి అసలు మాట వినబడదు. ‘చాలు’ అన్నదాన్ని ‘వెళ్దాం’ అని ఎవరు వింటారు? ఏన్?

ఎక్కడికయ్యా?

మరునాడు చూలై వెళ్ళాను. విమల వాళ్ళమ్మ నాకు కుర్చీ వేసి, కాఫీ ఇచ్చి, ఏడుస్తూ లోపలికి వెళ్ళిపోయింది. దేవదాసు భార్య ఎదురింటి గుమ్మంలో ఉండి కూడా ఇటు చూడలేదు. వీధి అప్పటికే రెండుగా చీలింది.

“మామ ‘పోదుం’ అన్నాడు సార్. నా చెవులారా విన్నా” అంది విమల. “లేకుంటే నేనెందుకు పంపిస్తా? నన్ను ఎత్తుకోని పెంచిన మనిషి సార్ ఆయన. ఉద్యోగం పోతే పోనీండి. ఆయన చెయ్యి నలగ్గొట్టి, ఆయన్నే అబద్ధాలకోరును చేస్తా ఉండానని ఎల్లారూ అంటా ఉండారు. అది నాకొద్దు సార్.”

పోదుం అంటే మా వైపు తెలుగులో పోదాం, వెళ్దాం అని. మా ఇంట్లోనూ అదే మాట. పని అయిపోయింది, ఇక పోదుం అంటే రైలును పంపించమనే అర్థం. ఆ అమ్మాయి కళ్ళు చూస్తే అబద్ధమాడుతున్నట్టు లేదు. అక్కడి నుంచి నేరుగా ఆసుపత్రికి పోయాను.

దేవదాసు దిండుకు ఆనుకుని ఉన్నాడు, చేతికి పెద్ద కట్టు. “విమల అబద్ధం చెప్పే పిల్ల కాదయ్యా. నువ్వు పోదుం అన్నావంటోంది” అన్నాను.

అతనికి కోపం వచ్చింది. “చెయ్యి చక్రం కాడ బెట్టుకోని పోదుమని ఎందుకంటా సార్? నాకేమన్నా పిచ్చా? చాలనే అన్నా. ఆ పిల్ల మీద నాకు కోపం లేదు సార్. కానీ నేనన్లేదు, అన్లేదు.”

అదీ నిజంగానే చెబుతున్నాడు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. నేను తలపట్టుకుని కూర్చున్నాను. ఇంతలో ఆయా ఒకావిడ గంజి తెచ్చి అతని గ్లాసులో పొయ్యడం మొదలుపెట్టింది. తమిళావిడ. గ్లాసు నిండుతోంది. దేవదాసు కట్టులేని చెయ్యి అడ్డంపెట్టి, “పోదుంమా, పోదుం” అన్నాడు.

అప్పటిదాకా తెలుగులో మాట్లాడుతున్న నేను తలెత్తి, “ఎక్కడికయ్యా ఈ చేత్తో?” అన్నాను.

దేవదాసు నా వైపు చూశాడు. నేను అతని వైపు చూశాను. ఆయా మా ఇద్దరి వైపు చూసి గంజి పాత్ర తీసుకుని వెళ్ళిపోయింది.

తమిళంలో పోదుం అంటే చాలు. తెలుగులో పోదుం అంటే పోదాం. పలకడంలో వెంట్రుకవాసి తేడా లేదు. పుట్టినప్పటి నుంచి రెండు మాటలూ మా నోళ్ళలోనే ఉన్నాయి. ఒక్కనాడూ ఒకదానికొకటి ఎదురుపడలేదు.

“ఆ తమిళాయన పక్కనే ఉండె గదా సార్” అన్నాడు దేవదాసు. “ఆయనతో తమిళం, వాకీటాకీలో పిల్లతో తెలుగు. ఇంకొంచెం, ఇంకొంచెం అని తెలుగులోనే జెప్తా ఉండా. ఆ కడసారి మాట ఏ బాసలో అన్న్యానో నాకే తెలీదు సార్.” చేతి కట్టు వైపు చూసుకున్నాడు. “పాపం, పిల్ల సరిగానే వినింది.”

టెక్నీషియన్‌కు అక్కడి నుంచే ఫోను చేశాను. దేవదాసు ఏమన్నాడో అర్థం చెప్పొద్దు, అన్న మాట అన్నట్టు చెప్పమన్నాను. “పోదుం” అన్నాడతను. విమల ఆ మాటను మేనేజరుకు తమిళంలోకి మార్చి చెప్పింది. దేవదాసు నాకు తెలుగులోకి మార్చి చెప్పాడు. టెక్నీషియన్ ఇంగ్లీషులోకి మార్చి రాశాడు. ముగ్గురూ అర్థమే చెప్పారు, మాట ఎవరూ చెప్పలేదు. మేమూ అడగలేదు.

ఈ పనిలోకి వచ్చే పిల్లలకు నేను చెప్పగలిగినదాంట్లో పెద్దది ఇదే. ప్రమాదం జరిగాక ఎవరినైనా అడిగేటప్పుడు ‘ఏం చెప్పాడు’ అని అడిగి ఊరుకోకండి. ‘ఏ మాట అన్నాడు, అన్నది అన్నట్టు అను’ అని అడగండి.

నడిచే యంత్రానికి తాళం

మేనేజరు మొదట నమ్మలేదు. “రెండు భాషలూ వచ్చిన పిల్లకు ఆ మాత్రం తేడా తెలియదా?” అన్నాడు. రెండూ వచ్చింది కాబట్టే పొరపాటు జరిగిందన్నాను. తమిళం ఒక్కటే తెలిస్తే ఆపేది. తెలుగు ఒక్కటే తెలిసినవాడు ఆపమనడానికి ఆ మాట అననే అనడు. ఈ తప్పు చెయ్యడానికి మా చూలైవాళ్ళు ఇద్దరు కావాలి.

ఆయన ఇంకా నానుస్తుంటే దేవదాసు కట్టు విప్పకముందే ఆఫీసుకు వచ్చాడు. మేనేజరు ఎదుట నిలబడి తమిళంలో, “నేను అన్నది అదే మాట సార్. ఆ పిల్ల విన్నదీ అదే. తీసేస్తే ఇద్దరినీ తీసెయ్యండి” అన్నాడు. మేనేజరు విమలకు తనే ఫోను చేసి రమ్మన్నాడు, క్షమించమని కూడా అడిగాడు. తొందరపాటు మనిషే గానీ తప్పు తెలిస్తే దాచుకునేవాడు కాదు. అలాంటి పైఅధికారి దొరకడం అదృష్టమే.

అక్కడితో అయిపోలేదు. ఇకమీదట వాకీటాకీలో అందరూ ఇంగ్లీషే మాట్లాడాలని ఆయన ఆర్డరు వెయ్యబోయాడు. నాకు బ్రేకు మీది బొట్టు గుర్తొచ్చింది. చెయ్యి నలిగేటప్పుడు ఎవడికీ ఇంగ్లీషు రాదు, అమ్మ నేర్పిన మాటే వస్తుంది. మాట మార్చి లాభంలేదు. మనిషి కనబడనిచోట మాట మీద ఆధారపడటమే మానెయ్యాలి.

మనలి ఫోర్‌మన్ తాళం పద్ధతి మా దగ్గరా ఉంది. కానీ అది ఆగి ఉన్న యంత్రానికి. రైలును కొంచెం కొంచెం జరుపుతూ చూడాల్సిన పనికి తాళం ఎలా వేస్తాం? ఆ ఒక్క పనిలో దేవదాసు ప్రాణం దేవదాసు జేబులో లేదు, విమల వేలి కింద ఉంది. దయ్యం వేలును ఇన్నాళ్ళు సొరుగులో పెట్టుకుని అందరికీ పాఠం చెప్పాం. అదే పాఠం ఇక్కడ పనికొస్తుందని మా గుంపులో ఎవరికీ తట్టలేదు.

రైలు దగ్గర కూర్చున్నవాడి చేతిలోనే ఉండే బటన్ ఒకటి, పొడుగు తీగతో పెట్టించాం. అతను నొక్కి పట్టుకుంటేనే రైలు కదులుతుంది, వదిలితే ఆగిపోతుంది. అతను పట్టా మీద ఉన్నంతసేపు కంట్రోల్ రూమ్ బల్ల పనిచెయ్యదు. దాని తాళంచెవి అతని జేబులో ఉంటుంది. పని ముగించి బయటికి వచ్చి, ఆ తాళంచెవిని ఆపరేటరు చేతిలో పెడితేనే రైలును పంపగలరు. అట్టబండను కూడా పీకించేశాం. తర్వాత అందరూ చూసి మెచ్చుకున్నారు గానీ ఇందులో కొత్తగా కనిపెట్టింది ఏమీ లేదు. తిట్లబోతు ఫోర్‌మన్ మాటకు తీగ తగిలించాం, అంతే.

విమల వచ్చింది గానీ బల్ల దగ్గర కూర్చోలేకపోయింది. “బటన్ మీద వేలు పెడితే ఆ కేకే వినిపిస్తాది సార్, నా వల్ల కాదు” అని టికెట్ కౌంటర్‌లో వెయ్యమంది. వేశాం. దేవదాసు డ్యూటీకి వచ్చిన రోజున మొదటి పని ఆ కొక్కెం తనిఖీయే. అతను తాళంచెవి జేబులో వేసుకుని, ఆ కొత్త బటన్ కుడిచేత్తో పట్టుకుని పట్టా మీదికి వెళ్ళాడు. పని ముగించి వచ్చాక కంట్రోల్ రూమ్‌కు పోలేదు. తిన్నగా టికెట్ కౌంటర్‌కు పోయాడు. వంగని రెండు వేళ్ళున్న ఎడమచేత్తో తాళంచెవి తీసి విమల అరచేతిలో పెట్టాడు. ఆ పిల్ల కాసేపు ఏడ్చి, లేచి, కళ్ళు తుడుచుకుని వెళ్ళి బల్ల దగ్గర కూర్చుంది. ఆ సాయంత్రం చూలైలో ఎదురెదురు ఇళ్ళవాళ్ళు మళ్ళీ మాట్లాడుకున్నారని విన్నాను.

చివరి ట్రిప్పు

నా రిటైర్మెంట్ రోజున దండలూ, ఉపన్యాసాలూ అయ్యాక, ఒక్క రౌండు తిరిగి వెళ్తానన్నాను. ఇన్నేళ్ళలో పరీక్ష కోసం తప్ప సరదాగా ఎప్పుడూ ఎక్కలేదు. మొదటి పెట్టెలో కూర్చున్నాను. దేవదాసు వచ్చి నా ఒడి మీది కడ్డీని రెండుసార్లు లాగి చూశాడు, నేను నేర్పిన పనే నా మీద చూపించాడు. కంట్రోల్ రూమ్ అద్దం వెనక విమల ఉంది. ఇప్పుడు కొత్త ఆపరేటర్లకు నేర్పించేది ఆమే.

స్పీకరులో అడిగింది: “సార్, సరిగ్గా కూర్చున్నారా?”

నేను చెయ్యి ఎత్తి అరిచాను: “పోదుం!”

రైలు కదల్లేదు. అద్దం వెనక ఆమె రెండు చేతులూ బల్లకు దూరంగా ఎత్తిపట్టుకుని ఉంది. స్పీకరు మళ్ళీ గరగరమంది.

“ఏ బాసలో సార్?”

దేవదాసు పడీపడీ నవ్వాడు, నేనూ నవ్వాను. విమల కూడా నవ్వుతోంది గానీ, నేను జవాబు చెప్పేదాకా ఆ చేతులు మాత్రం దించలేదు.